మూడు రోజులు ఇక్కడ, మూడు రోజులు అక్కడ

ఉదయగిరిలో దాన్ని అందరూ ‘డాక్టరమ్మ ఆర్డరు’ అంటారు. సోమవారం నుంచి బుధవారం దాకా మత్తు డాక్టరు ఉదయగిరి ఆసుపత్రిలో ఉంటాడు. బుధవారం సాయంత్రం బస్సెక్కి ఆత్మకూరు వచ్చి, గురువారం నుంచి శనివారం దాకా ఇక్కడ ఉంటాడు. ఆదివారం ఎక్కడా ఉండడు. ఆపరేషన్ కాన్పు అవసరమైన ఆడవాళ్ళు ఈ వారాలు చూసుకుని నొప్పులు తెచ్చుకోవాలి. ఈ ఏర్పాటు చేసింది తమ ఊరి అమ్మాయేనని, బస్సు డ్రైవరు కూతురేనని అక్కడ చంటిపిల్లల తల్లులందరికీ తెలుసు. టీ అంగళ్ళ దగ్గర ఆ మాటను తిట్టుగా వాడటం నేను నా చెవులతో విన్నాను.

అది ఆమె ఆర్డరు కాదు. నాది. ఆమె దాన్ని వద్దన్నది. ఆ సంగతి తెలిసినవాళ్ళు నాతో కలిపి ఆరుగురు. అందులో నలుగురు పై చదువులకు వెళ్ళిపోయారు. ఐదో మనిషి ఆమె. తన తరఫున తను మాట్లాడుకునే రకం కాదు. ఇక మిగిలింది నేను.

నేను ప్రభుత్వ డాక్టరుని. మాది కలిగిరి వైపు పల్లె. చాలా ఏళ్ళుగా ఆత్మకూరులో పనిచేస్తున్నాను. కొన్నేళ్ళ క్రితం, జూనియర్ డాక్టర్లకు నాయకత్వం నేర్పాలని పైవాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. డ్యూటీ చేసుకుంటూనే వారానికొక మధ్యాహ్నం కూర్చుని, తమ ప్రాంతంలో ఉన్న ఒక సమస్యను పట్టుకుని, దానికి ఒక విధానం తయారుచేయాలి. పనికొచ్చేదిగా ఉంటే అమలు చేస్తారు. మా పడమటి మండలాల నుంచి ఆమెతో కలిపి ఐదుగురిని ఎంచి, నన్ను వాళ్ళకు పెద్దగా పెట్టారు. నా దగ్గర గొడవలు రావని నాకు పేరుంది. అందుకే పెట్టారు.

మాకు దొరికిన సమస్య చిన్నదిగానే కనిపించింది. ఉదయగిరికి, ఆత్మకూరుకు కలిపి ఒకే మత్తు డాక్టరు పోస్టు వచ్చింది. ఆయన లేకపోతే కడుపు కోయడం కుదరదు. ఆయన్ని ఎక్కడ పెట్టాలి?

ఉదయగిరి అమ్మాయి కాబట్టి ఉదయగిరికే అడుగుతుందని మేమంతా అనుకున్నాం. ఆమె మొదటి రోజే చెప్పేసింది.

“మొత్తంగా ఆత్మకూరుకే ఇచ్చెయ్యండి సార్.”

ఐదుగురిలో ఒకడైన జలదంకి పిల్లాడు పగలబడి నవ్వాడు. “ఏందబ్బా, మీ ఊరికి వద్దంటన్నావా? రేపు మీ నాయన్ని బస్సు దిగనిస్తారా మీ వాళ్ళు?”

“మా ఊళ్ళో రక్తం నిల్వ లేదు. పిల్లల డాక్టరు లేడు. మత్తాయనొక్కడే వచ్చి ఏం చేస్తాడు, జోల పాడతాడా? ఆయన్ని ఆత్మకూరులో పెట్టి, మాకు రెండు బండ్లు ఇయ్యండి. కాన్పు కేసులకే. జొరమొచ్చిందనో, మంత్రిగారు వస్తన్నారనో ఆ బండ్లను ఇంకో పక్కకి తోలగూడదు. అంతే నేనడిగేది.”

“దూరంగా ఉండేవాళ్ళకే గదా డాక్టరు కావాల్సింది?” అన్నాడు జలదంకి పిల్లాడు. అతని మాటలోనూ తప్పులేదు. ఇంకొకతను అతని పక్కన చేరాడు. మిగతా ఇద్దరూ ఈ అమ్మాయి వైపు మొగ్గారు. ఆ రోజు చేతులెత్తించి ఉంటే ముగ్గురు ఇటు, ఇద్దరు అటు. విషయం అక్కడితో తేలిపోయేది.

నేను చేతులెత్తించలేదు. ఎందుకో చెప్పాలంటే మా నాయన గురించి చెప్పాలి.

మా ఇంట్లో చేతులెత్తించడం చేతగానితనం కింద లెక్క. మా నాయన ఉన్నన్నాళ్ళూ మా పంచాయతీలో పోటీ జరగనివ్వలేదు. నామినేషన్లకు ముందే ఇద్దరినీ మా పంచలో మంచం మీద పక్కపక్కన కూర్చోబెట్టేవాడు. “ఓటు పడిందంటే ఊరు రెండైనట్టేరా,” అనేవాడు. సాయంత్రానికి తీర్పు వచ్చేది: సగం కాలం నువ్వు, సగం కాలం వాడు. ఇద్దరూ తలలూపేవారు. ఏకగ్రీవం అయిందని ఊళ్ళో టపాసులు కాల్చేవారు. నా చిన్నతనంలో నేను చూసిన నాయకత్వం అదొక్కటే. సర్పంచి పదవిని సగం చేస్తే ఇద్దరు సర్పంచులు అవుతారు. మత్తు డాక్టరును సగం చేస్తే ఏమవుతుందో మా నాయనకు ఎప్పుడూ ఎదురుకాలేదు.

నేను ఆ ఐదుగురినీ బస్టాండు దగ్గర టీ అంగడికి తీసుకుపోయాను. పని గదిలో పట్టుదలకు పోతారు, టీ దగ్గర మెత్తబడతారు. ఇదీ మా నాయన దగ్గర నేర్చుకున్నదే. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి మాట్లాడాను. మూడు రోజులు అక్కడ, మూడు రోజులు ఇక్కడ అన్నాను. నలుగురూ ఒప్పుకున్నారు. ఆ పిల్లలకు పీజీ పరీక్షల తొందర ఉంది, తెగ్గొట్టుకుని పోదామని ఉంది. చివర ఆమెను పిలిచాను.

“రెండు సగాలు కలిపితే ఒకటి అయ్యే లెక్క కాదు సార్ ఇది. కాన్పు వారం చూసుకోని వస్తాదా?”

“ముందు దీంతో మొదలుపెడదాం అమ్మా. బాగాలేకపోతే మార్చుకోవచ్చు.”

“అట్లయితే నేను ఒప్పుకోలేదని రాయండి.”

“ఒక్కరు కాదన్నారని రాస్తే పైవాళ్ళు మొత్తం పక్కన పడేస్తారు. నాయకత్వం అంటే నలుగురినీ కలుపుకుపోవడం తల్లీ. పైగా నువ్వు చెప్పినట్టు మనిషిని ఆత్మకూరుకే ఇచ్చేస్తే, మీ ఊళ్ళో నువ్వు తలెత్తుకుని తిరగగలవా? మీ నాన్న ఆ రోడ్డు మీదే బస్సు నడపాలి కదా?”

ఆమె చాలాసేపు బస్సుల వైపు చూసింది. తర్వాత “సరే సార్,” అన్నది. ఆ ‘సరే’ను గెలుపు అనుకున్నాను. ఆమెను ఒక ఇబ్బంది నుంచి కాపాడానని కూడా అనుకున్నాను. అందులో అబద్ధం లేదు. ఆమె మీద నాకు నిజంగానే కూతురి మీద ఉన్నంత అభిమానం ఉండేది.

అంతటితో ఆగి ఉన్నా బాగుండేది. నెల్లూరులో అధికారుల ముందు దీన్ని వివరించాల్సింది ఆమేనని నేనే నిర్ణయించాను. ఉదయగిరి అమ్మాయి నోటి నుంచి వస్తే ఆ వైపు వాళ్ళు నోరెత్తరు. మినిట్స్‌లో ‘ప్రతిపాదించినవారు’ అన్నచోట ఆమె పేరు పెట్టించాను, ‘ఏకగ్రీవంగా ఆమోదం’ అని రాయించాను. ఆమె చక్కగా మాట్లాడింది. ఒప్పుకున్నాక సగం మనసుతో చేసే మనిషి కాదు. చప్పట్లు కొట్టారు. “యువ నాయకత్వం అంటే ఇదీ” అన్నాడు వేదిక మీది పెద్ద అధికారి. వచ్చే ఏడాది రాష్ట్ర స్థాయిలో విధానాల బృందానికి ఆమె పేరు పంపుతామని అక్కడికక్కడే ప్రకటించాడు. తిరుగు ప్రయాణంలో సంగం బ్యారేజీ దాటుతుండగా ఆమె వాళ్ళ నాన్నకు ఫోన్ చేసింది. ఉర్దూలో ఏదో చెప్పి నవ్వింది. ఆ విధానాల బృందం పని మీద ఆమెకు ఎంత ఆశ ఉందో నాకు ఆ నవ్వులో తెలిసింది. డాక్టర్లలో చాలామంది రోగాన్ని చూస్తారు. ఆమె రోగి వచ్చిన దారిని చూసేది.

తర్వాత ఆమెకు ఉదయగిరిలోనే పోస్టింగు వచ్చింది. అంటే తను వద్దన్న ఏర్పాటు కింద తనే పనిచేయాలి.

కొన్ని నెలలకు నేను పర్యవేక్షణకు ఉదయగిరి వెళ్ళాను. అనుకోకుండా అది బుధవారం. కాన్పుల వార్డు బయట వరండా నిండా చాపలు, క్యారియర్లు, ముసలమ్మలు. తిరునాళ్ళలా ఉంది. గోడకానుకుని వక్కాకు నములుతున్న ఒక పెద్దామెను అడిగాను.

“కోడలికి నెలలు నిండినాయా పెద్దమ్మా?”

“ఇంకా రెండు వారాలుండాది సార్.”

“మరి అప్పుడే తీసుకొచ్చారే?”

“సాయంత్రం మత్తాయన ఎల్లిపోతాడు గదా. మళ్ళా సోమారం దాకా ఎవురు నిప్పులమింద కూసోను? బుధారమే కోసెయ్యమన్నాం. అయ్యోరు గూడా బుధారమే ముహూర్తం పెట్టినాడు.”

“అయ్యవారికి గురువారం ముహూర్తాలు దొరకవా?”

“పెడితే ఆయన కాడికి ఎవురు పోతారు? ఆయనా లోకం తెలిసినోడే,” అని ఆమె నవ్వింది. పక్కనున్న వాళ్ళూ నవ్వారు. నేనూ నవ్వాను.

లోపల ఒక చంటిబిడ్డ డొక్కలెగరేస్తూ ఆయాసపడుతోంది. తొందరపడి తీసిన బిడ్డలకు ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధమై ఉండవు. వాళ్ళ నాయనమ్మ ఆ బిడ్డను నెల్లూరు తీసుకుపోవడానికి దుప్పటి మడతపెడుతోంది. మా డాక్టరమ్మాయి నన్ను చూసింది.

“చూసినారా సార్?” అన్నది.

“రివ్యూ మీటింగులో పెడదాం,” అన్నాను. పెట్టాను కూడా. ఉదయగిరిలో ఆపరేషన్లు పెరిగాయని అక్కడ అందరూ సంతోషంగా ఉన్నారు. పిల్లలను రెండు వారాలు ముందే తీస్తున్నారని చెప్పబోయాను. “ఏకగ్రీవంగా చేసుకున్న ఏర్పాటే కదా డాక్టరుగారూ, కుదురుకోనివ్వండి,” అన్నారు. కూర్చున్నాను.

ఆ తర్వాత ఆమె తన చేతిలో ఉన్నంతమేర అడ్డుకోవడం మొదలుపెట్టింది. ఆపరేషన్ చేసేది ఆమె కాదు. ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని ఇంటికి పంపాలో చూసేది మాత్రం ఆమే. అవసరం లేనివాళ్ళను బుధవారాల్లో వెనక్కి పంపేది. వాళ్ళు తిట్టుకుంటూ పోయేవారు. చాలామంది తర్వాత మామూలుగానే కని, చంకన బిడ్డతో వచ్చి చూపించి పోయేవారు. ఆ లెక్క ఎవరూ పెట్టుకోలేదు.

ఒక బుధవారం ఆమె వీధిలోనే ఉండే దర్జీ భార్యను తీసుకొచ్చారు. తొలిచూలు. ఇంకా పది రోజుల పైన గడువు ఉంది. అత్తగారు కోయమని పట్టుబట్టింది.

“బిడ్డ బాగుండాడు అత్తా. ఇంకా టైముంది. ఊరికే కోస్తే ఎట్లా? ఇంటికి తీసుకుపో.”

“నీ కాళ్ళు పట్టుకుంటానమ్మా.”

“నా కాళ్ళు వదిలిపెట్టి ఆ పిల్లకు అన్నం పెట్టు పో,” అన్నదట నవ్వుతూ. వైద్యం ప్రకారం అది సరైన మాట. నేనున్నా అదే చెప్పేవాణ్ణి.

శుక్రవారం మధ్యాహ్నం ఆ పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి తెచ్చేసరికి బిడ్డ గుండె నెమ్మదిస్తోంది. వెంటనే ఆపరేషన్ చేయాలి. మత్తు డాక్టరు ఆత్మకూరులో ఉన్నాడు. ఉన్న ఒక్క అంబులెన్సు అప్పటికే యాక్సిడెంటు కేసుతో నెల్లూరు పోయింది. కారు కోసం మనిషిని పంపారు, రాలేదు. బస్టాండులో ఆత్మకూరు బస్సు కదలబోతోంది. డ్రైవరు ఆమె నాన్న. ఆమె ఫోన్ చేసింది. ఆయన బస్సును ఆసుపత్రి ముందుకు తెచ్చి ఆపాడు. కండక్టరు ఏం చెప్పాడో గానీ ప్రయాణికులంతా కిక్కురుమనకుండా దిగిపోయారట. వెనక సీట్ల మధ్య పరుపు వేసి, ఆ పిల్లను పడుకోబెట్టి, పక్కనే ఈ అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుంది.

నాకు ఫోన్ వచ్చింది. ఇక్కడ థియేటరు సిద్ధం చేశాం. మత్తు డాక్టరు, నేను గేటు దగ్గర నిలబడ్డాం. నిలబడటం తప్ప చేయడానికేమీ లేదు. రోడ్డు మీద వచ్చే ప్రతి బండినీ చూస్తున్నాం. ఆయన మంచివాడు, మాటకారి. ఆ రోజు మాత్రం ఒక్కటే మాట అన్నాడు: “నిన్నటిదాకా నేను ఆడనే ఉంటిని సార్.” నిన్న కాదు, మొన్న. నేను సరిదిద్దలేదు.

బస్సు ఎక్కడా ఆగకుండా వచ్చింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ.

అత్తగారు థియేటరు బయట నేల మీద కూలబడి ఉంది. ఈ అమ్మాయి వెళ్ళి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేయబోయింది. ఆమె ఆ చేతిని తోసేసింది.

“బుధారం నీ కాళ్ళ మీద పడినానే తల్లీ! నువ్వేసిన ఆర్డరు నీకు తెలీదా? మత్తాయన శుక్రారం మనూళ్ళో ఉండడని నీకు తెలీదా? తెలిసే పంపించినావా?”

అమ్మాయి అక్కడి నుంచి లేవలేదు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఆ ఆర్డరు నాదమ్మా అని నేను చెప్పాల్సిన చోటు అది, చెప్పాల్సిన క్షణం అది. ఇలాంటప్పుడు ఆర్డర్ల మాట ఎందుకులే, ఏడుపు కాస్త తగ్గనీ అనుకున్నాను. ఏడుపు తగ్గలేదు, నేను చెప్పలేదు. ఆ సాయంత్రానికి ‘డాక్టరమ్మ ఆర్డరు’ అన్న మాట ఉదయగిరి చేరిపోయింది.

విచారణ జరిగింది. ఆమెకు ఇచ్చిన మెమోలో ఉన్న ప్రశ్న ఇది: ఈ వారాల ఏర్పాటును స్వయంగా ప్రతిపాదించిన మీరు, శుక్రవారం మత్తు డాక్టరు ఉండడని తెలిసి కూడా గర్భిణిని బుధవారం ఎందుకు తిప్పి పంపారు? నేను పరుగున పోయి విచారణ అధికారిని కలిశాను.

“ఆమె ప్రతిపాదించలేదండీ. వద్దన్నది.”

“మినిట్స్‌లో ఏకగ్రీవం అని ఉందే.”

“అది నేను రాయించాను.”

“మరి ఆమె ఎక్కడ వద్దన్నది?”

“బస్టాండు దగ్గర. టీ తాగుతూ.”

ఆయన నా ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు. “డాక్టరుగారూ, మీరు పెద్దవారు. టీ అంగట్లో మాటను నేను ఎక్కడ చేర్చేది?”

“పోనీ, ఆ ఏర్పాటునైనా మళ్ళీ చర్చకు పెట్టండి. అది తప్పు.”

“ఒక్కరు కాదన్నా దాన్ని పట్టుకుని తెరవచ్చు. ఒక్కరూ కాదనలేదే. ఎవరి మాట మీద తెరవమంటారు? పైగా మీ పద్ధతి బాగుందని వేరేచోట్ల కూడా పెట్టబోతున్నారు.”

జలదంకి పిల్లాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు విశాఖలో ఎముకల వైద్యం చదువుతున్నాడు. జరిగింది చెప్పాను. సాక్ష్యం చెప్పమన్నాను. “సార్, అందరం సరే అన్నాం గదా. బయటికొచ్చినాక ఒకటే మాట మీద ఉండాలని మీరే చెప్తిరి. ఇప్పుడు నేనొక మాట, ఇంకొకడొక మాట చెప్తే ఆమెకే ఇబ్బంది గదా?” అన్నాడు. నా పాఠం నాకే అప్పజెప్పాడు. నేనే రాతపూర్వకంగా సంజాయిషీ ఇచ్చాను. చేర్చుకున్నారు, చదివారో లేదో తెలియదు. ఆమెను హెచ్చరికతో వదిలేశారు. రాష్ట్ర బృందానికి పంపిన పేరు మాత్రం వెనక్కి తీసుకున్నారు.

ఈ ఏడాది కొత్త జట్టు వచ్చింది. మళ్ళీ నన్నే పెద్దగా పెట్టారు. వద్దంటే వినలేదు. గొడవలు రానివ్వనని పేరు కదా. మొదటి రోజే చెప్పాను: ప్రతి విషయానికీ చేతులెత్తాలి, కాదన్నవాళ్ళ మాట వాళ్ళ పేరుతో సహా రాయాలి. వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తర్వాతి వారం చేతులెత్తమన్నాను. అందరి చేతులూ ఒకేసారి లేచాయి.

“కాదనేవాళ్ళు ఒక్కరూ లేరా?”

“ఎందుకు సార్ గొడవ? వచ్చేముందు క్యాంటీన్లో మాట్లాడుకోని వచ్చినాం,” అన్నాడు ఒకడు, నన్ను సంతోషపెట్టానన్న ధీమాతో.

ఇదంతా రాయబోతున్నానని చెప్పడానికి పోయిన బుధవారం ఉదయగిరి వెళ్ళాను. వరండాలో అవే చాపలు, అవే క్యారియర్లు. ఆమె ఇంకా అక్కడే పనిచేస్తోంది. ఒకామెను పరీక్షించి, చేతులు కడుక్కుంటూ నా మాటలన్నీ విన్నది.

“రాస్తే రాయండి సార్. కానీ నేను ఒప్పుకోలేదని రాయొద్దు.”

“అదే కదమ్మా నిజం.”

“ఒప్పుకోలేదు. తర్వాత ఒప్పుకున్నా. నెల్లూరులో ఆ మైకు ముందు నిలబడింది నేను. చప్పట్లు నాకూ బాగుండినాయి. రెండూ రాయండి. ఒకటే రాస్తే ఇది గూడా మీ ఏకగ్రీవమే అవుతాది.”

అందుకే రెండూ రాశాను.

“ఇప్పుడెవరినైనా వెనక్కి పంపుతున్నావా?” అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఆమె తువాలుతో చేతులు తుడుచుకుంది, చాలాసేపు తుడుచుకుంది.

“లేదు సార్. బుధారం వచ్చినోళ్ళను చేర్చుకుంటన్నా.”

సాయంత్రం బస్టాండుకు వచ్చాను. ఆమె నాన్న స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సలాం చేశాడు. ఇంజను నడుస్తోంది, టైము దాటింది, బస్సు మాత్రం కదలడంలేదు. ఎవరో ప్రయాణికుడు అరిచాడు. “ఏందన్నా, ఇంకా ఎవురి కోసం?”

“లోపల ఇంకో ఆపరేషను నడస్తా ఉండాది. మత్తాయన రానీ,” అన్నాడాయన వెనక్కి తిరగకుండా.

ఎవరూ కాదనలేదు.